ఐసు ఫ్యాక్టరీ వీధిలో పట్టపగటి రాత్రి

మా కమిషనర్ భావరాజు చక్రధర్‌గారు విదేశానికి వెళ్లి, అక్కడి సుప్రసిద్ధ బ్యాక్‌ప్యాకర్ల వీధిని అధ్యయనం చేసి వచ్చారు. వీపున సంచి తగిలించుకుని దేశాలు తిరిగే కుర్రకారంతా దిగే వీధి అది. రాత్రంతా పాటలు, ఆటలు, పొయ్యి మీంచి నేరుగా ఆకులోకి దిగే తిండి. అలాగని చూసినవాళ్లంతా చెబుతారు. మా కమిషనర్‌గారు మాత్రం చెప్పరు. ఎందుకంటే ఆయనా, ఆయన బృందమూ అక్కడికి వెళ్లింది పొద్దున్న పదకొండింటికి. సాయంత్రం దాకా ఉంటే హోటల్లో శాకాహార భోజనం అయిపోతుందని వాళ్ల భయం. ఆ వేళకి దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఒకాయన వీధి ఊడుస్తున్నాడు. ఒక కుక్క నిద్రపోతోంది. బృందం కుక్కతో సహా ఫొటో దిగి, "వీధి మిక్కిలి పరిశుభ్రముగాను, ప్రశాంతముగాను ఉన్నది. నైట్ లైఫ్ అనగా ఇదియే అయినచో మన పట్టణమునందు అనాయాసముగా నెలకొల్పవచ్చును" అని నివేదిక రాసుకుని విమానం ఎక్కేసింది.

నా పేరు బెవర పురుషోత్తం. కొండరేవు మునిసిపాలిటీలో జనన మరణాల గుమాస్తాని. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నేను ఒప్పుకుంటేనే చెల్లుబాటు. అంతకుమించి ఊరి వ్యవహారాల్లో నాకు జోక్యం లేదు, ఆ సంచి నా వీపుకెక్కేదాకా.

నిజానికి మా ఊళ్లో అలాంటి వీధి అప్పటికే ఒకటుంది. పడవల రేవుకి ఎగువన మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఉంది కదా, దాని పక్క సందు. అక్కడ రెండు చవక లాడ్జీలున్నాయి. సముద్రం ఒడ్డునే దేశం చుట్టేవాళ్లు వాటిలో దిగేవారు. చీకటి పడేసరికి బళ్లు వచ్చేవి. రొయ్యల పకోడీ, మరమరాల ముంత మసాలా, బజ్జీలు. వేట నుంచి వచ్చిన జాలర్లు, లాడ్జీ కుర్రాళ్లు, సినిమా వదిలాక వచ్చే జనం, అందరూ ఒకే బల్ల మీద కూర్చుని తినేవారు. ఎవడో గిటారు వాయిస్తే, మా రేవు పిల్లలు ఖాళీ ఐసు పెట్టెల మీద దరువేసేవారు.

ఆ వీధికి పెద్దదిక్కు సూరీడమ్మ. ఆవిడ భర్త ఎర్రయ్యకి వేటలో తాడు చుట్టుకుని కుడిచేతి వేళ్లు పనిచేయకుండా పోయాయి. అప్పట్నుంచి ఆవిడ పకోడీ, ముంత మసాలా బండి పెట్టింది. ఆయన ఎడమచేత్తో పిండి కలుపుతాడు, ఆవిడ వేస్తుంది. వచ్చినవాడు కలెక్టరైనా, కళాసీ అయినా ఆవిడ దగ్గర ఒకటే మర్యాద, "నిలబడు బాబూ, ఏగాల కదా" అని.

నాకూ మా ఆవిడ సుగుణకీ ఆ వీధితో ఇంకో బంధం ఉంది. మా ఇంట్లో గది ఒక్కటే. మా అమ్మ, నాన్న, పెళ్లికాని తమ్ముడు, అందరూ అందులోనే. కొత్త దంపతులు చెప్పుకోవాల్సిన మాటలన్నీ మేము సూరీడమ్మ బండి దగ్గర చెప్పుకున్నాం. పెళ్లయిన కొత్తలోనే కాదు, మొన్న మొన్నటిదాకా.

విదేశం నుంచి వచ్చిన మర్నాడే కమిషనర్‌గారు మీటింగు పెట్టారు.

"కొండరేవుకు ఒక బ్యాక్‌ప్యాకర్ వీధి అవసరం. ఐసు ఫ్యాక్టరీ వీధిని ఆ విధంగా తీర్చిదిద్దుదాం" అన్నారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ జగ్గారావు మెల్లగా లేచాడు. జగ్గారావు పళ్లు కనిపించేలా నవ్వగా చూసినవాళ్లు మా ఆఫీసులో లేరు. "సార్, అది ఇప్పుడూ అలాంటి వీధే కదండీ. రోజూ రాత్రి జనం..."

"అది అనధికార ఉల్లాసం" అన్నారు కమిషనర్‌గారు. "అనుమతి లేని సంతోషాన్ని ప్రోత్సహించడం పాలన కాదు. ముందు దాన్ని తొలగించాలి. తర్వాత అక్కడే నిబంధనల ప్రకారం ప్రవేశపెట్టాలి."

అందరం తలలూపాం. ఇంజనీరుగారికి ఒక సందేహం వచ్చింది. నైట్ లైఫ్ అంటే రాత్రి జరగాలి. ఏం జరిగినా సిబ్బంది పర్యవేక్షణ ఉండాలి. సిబ్బంది డ్యూటీ మాత్రం పొద్దున్న పదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకానే. రాత్రి డ్యూటీకి నిబంధనల్లో చోటు లేదు. ఎలా?

కమిషనర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గొప్ప ఆలోచనలు వచ్చేముందు ఆయన ఆ పని చేస్తారు.

"రాత్రి అంటే ఏమిటి?" అని అడిగారు. తనే జవాబు చెప్పారు. "చీకటి. అంతేగదా? సూర్యుడు మన పరిధిలో లేడు, నిజమే. చీకటి మన పరిధిలోనిదే."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాని సారాంశం ఇది. ఐసు ఫ్యాక్టరీ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్ల టార్పాలిన్ కప్పవలెను. సదరు వీధి హద్దుల లోపల ఉదయం పదిన్నర మొదలు సాయంత్రం అయిదు వరకు గల కాలమును సకల ప్రయోజనముల నిమిత్తము రాత్రిగా పరిగణించవలెను. మిగిలిన కాలమును పగలుగా పరిగణించవలెను. మధ్యాహ్న భోజన విరామమునందు తాత్కాలికముగా తెల్లవారును.

బళ్లు తొలగించారు. వాటి చోట ఒకే రంగు, ఒకే కొలత రేకు దుకాణాలు వెలిశాయి. సూరీడమ్మకీ ఒకటి వచ్చింది, అందుకు ఆవిడ సంతోషించింది కూడా. వానాకాలం తడవక్కర్లేదు కదా అనుకుంది. తర్వాత అగ్నిమాపక శాఖవారు వచ్చి, టార్పాలిన్ కింద పొయ్యి వెలిగించరాదని చెప్పి వెళ్లారు. కాబట్టి వీధి తిండిని వీధి బయట వండాలి. వండినదాన్ని వీధి మొగలో కొత్తగా కట్టిన గేటు దగ్గర పెట్టి, చేయి కాలని స్థితికి వచ్చిందని ధ్రువీకరించుకుని, అప్పుడు లోపలికి తేవాలి. సూరీడమ్మ పకోడీలు గేటు దాటేసరికి పీనుగులా చల్లబడి వచ్చేవి.

"ఇదేటి బాబూ, సచ్చిన రొయ్యని మళ్లీ సంపుతున్నారు" అంది నాతో.

తర్వాత తేలిందేమిటంటే, వీధి ఉంది, రాత్రి ఉంది, బ్యాక్‌ప్యాకర్లు లేరు. మండువేసవి. పగలు ఎండకు బయటికి రావడానికే జనం జంకుతుంటే, నల్ల టార్పాలిన్ కింద చెమటలు కక్కుతూ చల్లని పకోడీ తినడానికి ఎవడొస్తాడు? లాడ్జీల్లో దిగినవాళ్లు ఒక పూట తొంగిచూసి రైలెక్కేశారు.

మళ్లీ మీటింగు.

"బ్యాక్‌ప్యాకర్ అంటే ఎవరు?" అన్నారు కమిషనర్‌గారు.

"వీపున సంచి మోసేవాడండి" అన్నాడు ఇంజనీరు.

"మనకి సిబ్బంది ఉన్నారా?"

"ఉన్నారండి."

"వాళ్లకి వీపులున్నాయా?"

అలా విభాగానికి ఇద్దరి చొప్పున మమ్మల్ని బ్యాక్‌ప్యాకర్లుగా డెప్యుటేషన్ మీద వేశారు. జనన మరణాల నుంచి నేను వెళ్లాను. సంచులు వచ్చాయి. అయితే ఖాళీ సంచి వీపున వేలాడితే యాత్రికుడిలా కాక, రేషన్‌కి వచ్చినవాడిలా కనిపిస్తున్నాడని కమిషనర్‌గారు గమనించారు. రికార్డు గదిలోంచి పాత దస్త్రాలు కూరుకోమన్నారు. నాకు నా విభాగం దస్త్రాలే దొరికాయి. వేసవి అంతా కొండరేవులో పాతికేళ్ల కిందట పోయినవాళ్లనందరినీ వీపున మోస్తూ అటూ ఇటూ తిరిగాను. బరువుగానే ఉండేవారు.

జగ్గారావుని ఉల్లాస పర్యవేక్షకుడిగా నియమించారు. అతనికి ఒక ఈల ఇచ్చారు. అతను చీకట్లో నక్కి నక్కి తిరుగుతూ ఎక్కడ నలుగురు మౌనంగా కనిపిస్తే అక్కడ ఈల ఊదేవాడు.

"ఏయ్ టౌన్ ప్లానింగ్! నవ్వరేం? వచ్చి గంటయింది!"

"నవ్వాం సార్, ఇందాకే."

"నేను చూడలేదు. మళ్లీ నవ్వండి."

మూడింటికి నాట్యం ఉండేది. ఇంటిపన్నుల విభాగం పెద్దాయన సన్యాసయ్యగారికి మోకాళ్ల నొప్పులు. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. దాన్ని పరిశీలించి, ఆయనకి చేతులతో మాత్రమే నాట్యం చేసే వెసులుబాటు కల్పించారు. ఒకరోజు ఆ ఉక్కలో ఆయన కళ్లు తిరిగి పడిపోయారు. అందరం మూగాం. జగ్గారావు పరుగెత్తుకొచ్చి చూసి, ఊపిరి పీల్చుకుని, "రాత్రి కదా, నిద్రపోయారు" అన్నాడు. సన్యాసయ్యగారిని ఎత్తుకుని టార్పాలిన్ దాటించి, పగట్లోకి తెచ్చి, మొహాన నీళ్లు కొట్టాం. ఆయన కళ్లు తెరిచి ఎండని చూసి, "తెల్లారిందా?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి.

ఇదంతా ఒక ఎత్తు. ఇక సాయంత్రం సంగతి.

మా ఊళ్లో తిండి దుకాణాలు రాత్రి తొమ్మిదికి మూసేయాలని పోలీసుల నిబంధన ఒకటి ఎప్పట్నుంచో ఉంది. ఐసు ఫ్యాక్టరీ వీధిలో దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. హెడ్ కానిస్టేబుల్ గౌరునాయుడే తొమ్మిది దాటాక వచ్చి ముంత మసాలా తినేవాడు. ఇప్పుడది ఆదర్శ వీధి అయిపోయింది. ఆదర్శ వీధిలో నిబంధన తప్పడానికి వీల్లేదు. పైగా, రాత్రి జీవితం పగలే పూర్తవుతోంది గనుక రాత్రి దాని అవసరం లేదని మా ఆఫీసు నుంచే పోలీసులకు ఉత్తరం వెళ్లింది. వేట నుంచి జాలర్లు తిరిగొచ్చేదీ, సినిమా వదిలేదీ తొమ్మిది తర్వాతే. సూరీడమ్మ పొయ్యి వీధి బయట పెట్టి, వేయించి, లోపలికి తెచ్చి, నాలుగు పొట్లాలు కట్టేసరికి గౌరునాయుడు లాఠీతో రేకు మీద కొట్టేవాడు. ఆవిడ మొహం చూడలేక అతను తల తిప్పుకుని కొట్టేవాడు.

ఒక సాయంత్రం నేనూ సుగుణా వెళ్లేసరికి ఎర్రయ్య పెద్ద మూకుడుని గోనెసంచిలో కడుతున్నాడు.

"ఏటి సూరీడమ్మా, ఎక్కడికి?" అంది సుగుణ.

"వెరావల్ ఎల్లిపోతాం అమ్మా. గుజరాతు. మా ఆడపడుసు అక్కడ రొయ్యల కంపెనీలో ఒలుస్తాది. రమ్మంటంది. వొచ్చే ఆదివారం బండికి."

"ఎర్రయ్య చేతికి ఒలిచే పని ఎలా?"

ఎర్రయ్య గోనె ముడి బిగిస్తున్నాడు. ఆవిడే అంది. "ఆడికి పని లేదమ్మా. నానొలుస్తాను, ఆడు కూకుంటాడు." తర్వాత ఇటు తిరిగి, ఆయనకి వినబడకుండా, "ఆడు కూకోలేడమ్మా. అదే నా బెంగ" అంది.

సుగుణ ఇంటి సందు మొగలో ఆగి, "మీ ఆఫీసు ఒక రాత్రిని తయారుచేసింది కదండీ, ఒక మనిషికి పని ఉంచలేకపోయిందా?" అంది. నేను జనన మరణాలు చూస్తాను. మధ్యలో బతకడం వేరే విభాగం.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, అంటే మా వీధి లెక్కన అర్ధరాత్రి, గేటు దగ్గర గొడవ వినబడింది. జగ్గారావు ఈల మీద ఈల ఊదుతున్నాడు. వెళ్లి చూస్తే ఒకమ్మాయి. దుమ్ము కొట్టుకున్న బూట్లు, వీపున తనకన్నా ఎత్తు సంచి, దానికి వేలాడుతున్న చెంబు. మూడు నెలలుగా ఒంటరిగా తూర్పు తీరమంతా తిరుగుతోందట. అసలు సిసలు బ్యాక్‌ప్యాకర్‌ని మా వీపులకి సంచులెక్కాక నేను చూడటం అదే మొదటిసారి.

"ఏందన్నా ఇది? వీధిలోకి పోనీయకుండా అడ్డం నిలబడినావు?" అంటోంది జగ్గారావుతో.

"బ్యాక్‌ప్యాకర్లకి మాత్రమే ప్రవేశం."

"నా వీపు మీద ఉండేది ఏందన్నా మరి? మూపురమా?"

"గుర్తింపు కార్డు?"

"ఎవరిచ్చిన కార్డు?"

"మునిసిపాలిటీ ఇచ్చిన బ్యాక్‌ప్యాకర్ కార్డు. ఇదిగో, ఇలాంటిది" అని నా మెళ్లోది పట్టుకుని చూపించాడు. అందులో నా ఫొటో కింద 'విదేశీ యాత్రికుడు (డెప్యుటేషన్)' అని ఉంది.

ఆ అమ్మాయి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నీది ఏ దేశమన్నా?"

"శివాలయం వీధమ్మా" అన్నాను.

ఆమె పేరు రుక్సానా. పొద్దుటూరు. అక్కడ వాళ్ల నాన్నకి పరుపుల కుట్టు అంగడి ఉందట. ఎవరో స్నేహితులు ఏడాది కిందట మా వీధిలో రొయ్యల పకోడీ తిని, ఆ సంగతి చెబితే, దారి మార్చుకుని మరీ వచ్చింది. జగ్గారావు నిబంధన చదివి వినిపించాడు. ఆమె లాడ్జీకి వెళ్లి పడుకుంది.

రాత్రి తొమ్మిది కావస్తుండగా నేనూ సుగుణా వెళ్లేసరికి సూరీడమ్మ దుకాణం దగ్గర ఆమె కూర్చుని ఉంది. సిబ్బంది అయిదింటికే టార్పాలిన్ చుట్టేసి వెళ్లిపోయారు. పైన నక్షత్రాలు. అగ్నిమాపక శాఖవారి ఆంక్ష టార్పాలిన్ కిందికే కాబట్టి, పైన అది లేని వేళ చూసి, సూరీడమ్మ ఆఖరి వారం కదాని పొయ్యి లోపలే వెలిగించింది. పిండి నూనెలో పడ్డ చప్పుడు విని నాకు ప్రాణం లేచొచ్చింది. రేవు నుంచి అప్పుడప్పుడే నలుగురు జాలర్లు వస్తున్నారు. రుక్సానా మొదటి పకోడీ నోట్లో వేసుకుని, కాలి, ఊదుకుంటూ, కళ్లనీళ్లతో నవ్వుతోంది. అంతలో రేకు మీద లాఠీ మోగింది.

"మూసేయండి. తొమ్మిదయింది" అన్నాడు గౌరునాయుడు, మామూలుగానే తల తిప్పుకుని.

సూరీడమ్మ పొయ్యి ఆర్పడానికి వంగింది. జాలర్లు వచ్చినదారినే వెనక్కి తిరిగారు.

"ఏందన్నా ఇది, నాకు తెలీకడుగుతా" అంది రుక్సానా నాతో, విస్తరాకు చేతిలో పట్టుకుని. "మధ్యాహ్నం వస్తే రాత్రి అన్నారు. ఇప్పుడేమో రాత్రయింది మూసేయమంటారు. ఈ వీధిలో పగలనేదే రాదా?"

ఆమె మామూలుగానే అడిగింది. నాకు మాత్రం తలలో ఏదో తలుపు దభాలున తెరుచుకున్నట్టయింది. ఆ ఉత్తర్వుని వీధి గేటు దగ్గరి నోటీసు బోర్డుకి అంటించింది నేనే. మిగిలిన కాలమును పగలుగా పరిగణించవలెను.

నేను ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పినవాణ్ని కాను. తప్పుగా రాయించిన పేరు దిద్దమని అడగడానికి కూడా జనం నా ముందు నిలబడితే నాకే భయం వేస్తుంది. కానీ ఎర్రయ్య ఆ ఎడమచేత్తో పిండి గిన్నె మీద మూత పెడుతున్నాడు. పక్కన సుగుణ నన్ను చూస్తోంది.

"నాయుడుగారూ, ఆగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తొమ్మిదికి మూయాలన్నది రాత్రి తొమ్మిదికా, పగలు తొమ్మిదికా?"

"రాత్రి తొమ్మిదికి."

"ఇక్కడ ఇప్పుడు పగలండి."

గౌరునాయుడు ఆకాశం వంక చూశాడు. నా వంక చూశాడు. "పురుసోత్తంగారూ, ఏటి, ఒంట్లో బాగోలేదా?"

"బోర్డు మీదుంది, చదవండి. సకల ప్రయోజనముల నిమిత్తము అని రాసుంది. రాత్రి సాయంత్రం అయిదుకే అయిపోయింది. మళ్లీ రాత్రి కావాలంటే రేపు పదిన్నర దాకా ఆగాలి. పట్టపగలు దుకాణం మూయించారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే..."

గౌరునాయుడు టార్చి వేసి, బోర్డు దగ్గరికి వెళ్లి, పెదాలు కదుపుతూ ఆసాంతం చదివాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు. వెనక్కి వచ్చేసరికి అతని మొహంలో ఆ నెలల్లో ఎన్నడూ చూడని తేట కనిపించింది. లాఠీ చంకలో పెట్టుకున్నాడు.

"పగలే" అన్నాడు. "నాకు మాత్రం ముంత మసాలా. ఉల్లిపాయ ఎక్కువెయ్యి సూరీడమ్మా."

జాలర్లని సుగుణ పరుగెత్తి వెళ్లి వెనక్కి పిలుచుకొచ్చింది.

ఆ తర్వాత జరిగింది వీధంతా చూసింది. రుక్సానా ఆ రాత్రే ఫోన్లో నలుగురికి చెప్పింది. వాళ్లు ఇంకో నలుగురికి చెప్పారు. రెండు వారాల్లో లాడ్జీలు నిండాయి. మూలపడ్డ ఐసు పెట్టెలు మళ్లీ మోగాయి. మా సిబ్బంది పగలంతా టార్పాలిన్ కింద రాత్రికి తగ్గట్టు సంచులు తలకింద పెట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోవడం మొదలెట్టారు. ఈల ఊది లేపాల్సిన జగ్గారావు వాళ్లకన్నా ముందే పడుకునేవాడు. చీకటి పడ్డాక అందరూ పెళ్లాంబిడ్డలతో వీధికొచ్చేవారు. సన్యాసయ్యగారు మోకాళ్ల సంగతి మరిచిపోయి ఒక రాత్రి లేచి రెండు అడుగులు వేశారు. జగ్గారావు అది చూసి నవ్వాడు. వాళ్లావిడ కూడా ఆశ్చర్యపోయింది.

సూరీడమ్మ ఆదివారం బండికి వెళ్లలేదు. "మా ఆడపడుసుకి కబురెట్టాను బాబూ, పండగెల్లాక వొస్తానని" అంది. ఏ పండగో చెప్పలేదు. ఎర్రయ్య మూకుడు చాలక ఇంకోటి తెచ్చాడు.

ఇలాంటి సంగతి కమిషనర్‌గారి చెవిన పడకుండా ఎన్నాళ్లుంటుంది? ఒక రాత్రి తొమ్మిదిన్నరకి జీపు వచ్చి వీధి మొగలో ఆగింది. ఆయన దిగారు. గిటారు ఆగింది. దరువు ఆగింది. ఆరోగ్య విభాగం, ఇంజనీరింగు, టౌన్ ప్లానింగు, ఇంటిపన్నులు, మొత్తం మునిసిపాలిటీ నోట్లో పకోడీతో అలాగే నిలబడిపోయింది.

ఆయన వీధి పొడవునా నడిచారు. నా ముందు ఆగారు.

"పురుషోత్తం, రాత్రిపూట ఈ నైట్ లైఫ్ ఎవరి అనుమతితో జరుగుతోంది?"

నేను నోటీసు బోర్డు వైపు చూపించాను. "ఇది నైట్ లైఫ్ కాదండి. ఇప్పుడు పగలండి. తమ ఉత్తర్వు ప్రకారం."

ఆయన కళ్లజోడు తీశారు. తుడుచుకున్నారు. కాదంటే ఉత్తర్వు రద్దు చేయాలి. ఉత్తర్వు రద్దు చేస్తే టార్పాలిన్ ఎందుకు కట్టారని పైవాళ్లు అడుగుతారు. ఆ లెక్కంతా ఆయన మొహంలో మెల్లగా నడిచివెళ్లడం కనిపించింది. మళ్లీ కళ్లజోడు పెట్టుకునేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"కరెక్ట్. ఇప్పుడు పగలు" అన్నారు. "అయితే, పని వేళల్లో సిబ్బంది అంతా ఆఫీసులో లేకుండా ఇక్కడ ఏం చేస్తున్నట్టు?"

జగ్గారావు చేతిలోని ఆకు జారిపడింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి మా పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. జనన మరణాలు అనే మాట రాస్తుండగా పొయ్యి దగ్గర్నుంచి సూరీడమ్మ గొంతు వినబడింది. వెటకారమేమీ లేదు, ఎప్పటి మర్యాదే.

"బాబూ, పగలైతే మరి తమరేటి ఆపీసులో లేరు?"

పెన్ను ఆగిపోయింది.

కమిషనర్‌గారు మా అందర్నీ చూశారు. జీపు వంక చూశారు. తర్వాత ఎంతో గంభీరంగా, "నేను తనిఖీలో ఉన్నాను" అన్నారు.

"అయితే నిలబడు బాబూ, ఏగాల కదా" అంది సూరీడమ్మ.

ఆయన నిలబడ్డారు. ఆకులో వేడివేడి పకోడీ ఇచ్చింది. చేయి కాలింది, నోరు కాలింది. ఆయన హా హా అంటూ రెండోది తీసుకున్నారు. విదేశానికి వెళ్లి పదకొండింటికి చూసొచ్చిన మనిషి, మొదటిసారి ఒక వీధిని దాని వేళకి చూస్తున్నారు. ఎవరో మెల్లగా గిటారు అందుకున్నారు. ఐసు పెట్టె మీద ఒక దెబ్బ పడింది. కమిషనర్‌గారు కాదనలేదు. మూడో ఆకు అడిగారు. ముక్కు తుడుచుకుంటూ బల్ల మీద నాకూ సుగుణకీ మధ్య చోటు చేసుకుని కూర్చున్నారు. మా పేర్లు రాసిన కాగితాన్నే వెనక్కి తిప్పి, నూనె వేళ్లతో ఇలా రాశారు:

"తనిఖీ పూర్తి కాలేదు. రేపు కొనసాగించవలెను."